టైలరింగ్ క్లాసులకి ఆడవాళ్ళు మధ్యలో మానేస్తే "ఆసక్తి లేదు" అని రాసేయడమేనా? ఫెమినిస్ట్ ఎకనామిక్స్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

బోరబండ_లాస్ట్_స్టాప్:

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఎన్జీవోలో పని చేస్తున్నా, పేరు వద్దులెండి, ఫీల్డ్ నుంచి వచ్చిన లెక్కలు చూసి ఫారిన్ డోనర్‌కి రిపోర్ట్ తయారు చేయడం నా పని. బస్తీల్లో ఆడవాళ్ళకి టైలరింగ్ ట్రైనింగ్ ప్రాజెక్ట్ నడుస్తోంది, కమ్యూనిటీ హాల్లో పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా క్లాసు. చేరేటప్పుడు బాగానే చేరతారు, ఫొటోలు దిగుతాం, రిజిస్టర్లో సంతకాలు పెట్టిస్తాం, రెండో నెల వచ్చేసరికి సగం మంది కనపడరు. ఫారంలో "మానేయడానికి కారణం" అని చిన్న గడి ఉంటుంది, మా మేనేజర్ గారు ప్రతిసారీ అందులో ఆసక్తి లేకపోవడం అని నింపేయమంటారు.

నాకది రాయబుద్ధి కావట్లేదు. ఎందుకంటే మానేసిన ఒకామె ఇంటికి వెళ్ళి చూశా. వాళ్ళ గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఇదే టైం అని ఉండదు, పదకొండింటికి రావచ్చు, పన్నెండున్నరకి రావచ్చు. ప్రెషర్ లేక నీళ్ళు పైకి ఎక్కవు కాబట్టి గుంత తీసి పైపుని కిందికి దింపుకున్నారు, ఆమె ఆ గుంత పక్కన గొంతుక్కూర్చుని మగ్గుతో తోడి బిందెలో పోస్తోంది, బిందె నిండితే లోపలికి మోసుకెళ్ళి నీలం డ్రమ్ములో కుమ్మరించడం, మళ్ళీ రావడం, ఈలోపు పక్కింటామె బిందె పెట్టేస్తే ఆగడం. లోపల మంచం మీద పక్షవాతం వచ్చిన అత్తగారు, గంటకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడతాయట. చిన్న పిల్లాడు చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏడుస్తున్నాడు. క్లాసుకి ఎందుకు రావట్లేదక్కా అంటే తల కూడా ఎత్తలేదు, "నీళ్ళొచ్చిన రోజు నేనెట్ల వస్తనమ్మా, రాని రోజు నిన్నటి బట్టలుంటయి" అంది. ఆసక్తి సంగతంటారా, క్లాసులో కత్తిరించిన జాకెట్ పేపర్ కటింగులు గోడకి మేకు కొట్టి వరసగా వేలాడదీసుకుంది.

ఇది చెప్తే మా మేనేజర్ గారు, ఆయన చెడ్డవారేం కాదు, ఇంటి పని అనేది వాళ్ళ ఇంటి విషయం, అది ఎకానమీ కిందికి రాదు, డోనర్‌కి అది అనవసరం అన్నారు. డిగ్రీలో నాది బీకాం, ఎకనామిక్స్ అంటే డిమాండ్ సప్లై వరకే. ఇంటి పని ఎకానమీ కిందికి వస్తుందా రాదా? ఇంటర్నేషనల్ పాలసీల్లో దీని గురించి ఎక్కడైనా రాసి ఉందా, అంటే నేను చూపించి మాట్లాడగలిగేది? రాసి ఉంటే దాన్ని ఎలా కొలవాలి? ఎవరైనా చెప్తే నాకు చాలా సాయం చేసినట్టు.


పాత_లెక్చరర్:

అమ్మా, డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది ఓపిగ్గా చదువు.

ఫెమినిస్ట్ ఎకనామిక్స్ అంటే లెక్కల్లోంచి జారిపోయే ఆడవాళ్ళ పనిని పట్టి చూసే ఎకనామిక్స్. మీ మేనేజర్ గారి మాట కొత్తదేం కాదు, జాతీయాదాయం లెక్కలు మొదలైనప్పటి నుంచీ ఉన్న మాటే. దేశాలన్నీ జీడీపీ లెక్క కట్టడానికి ఐక్యరాజ్యసమితి పద్ధతి ఒకటుంది, సిస్టం ఆఫ్ నేషనల్ అకౌంట్స్ అంటారు, 1953 నుంచి ఉంది, ఆ తర్వాత 1968లో 1993లో 2008లో తిరగరాశారు. ఏది ఉత్పత్తి ఏది కాదు అని అందులో ఒక గీత గీశారు. ఇంట్లో వాడకానికి మనం తయారు చేసుకునే వస్తువులు గీతకి లోపల, ఇంట్లోవాళ్ళకి డబ్బు తీసుకోకుండా చేసే సేవలు గీతకి బయట. దీని ప్రకారం ఏమవుతుందంటే, ఎండాకాలం ఆవకాయ పెడితే అది కాయల్ని నిల్వ చేయడం కాబట్టి లోపల, అదే మామిడికాయ వేసి పప్పు చేసి పిల్లలకి పెడితే బయట. బిందెతో నీళ్ళు మోసుకురావడం లోపల, ఆ నీళ్ళతో అన్నం వండటం, అత్తగారికి ఒళ్ళు తుడవడం బయట. అంటే నువ్వు ఆ నల్లా గుంత దగ్గర చూసిన పని, ఫెమినిస్టుల దాకా పోనక్కర్లేదు, జీడీపీ రూల్ బుక్ ప్రకారమే ఆర్థిక పని. కాకపోతే పుస్తకంలో రాసినంత మాత్రాన లెక్కల్లోకి ఎక్కదు, ఆమె ఇంటికి వెళ్ళి ఎన్ని బిందెలు మోశావని ఎవరూ అడగరు గదా.

ఈ గీత మీద గట్టిగా కొట్లాడినావిడ మెరిలిన్ వేరింగ్. న్యూజిలాండ్ ఎంపీ, అక్కడి పార్లమెంటులో ప్రభుత్వ ఖర్చుల కమిటీకి అధ్యక్షురాలిగా చేసింది, పద్దులు చూసీ చూసీ వీటిలో ఆడవాళ్ళ పని ఎక్కడా లేదేంటని 1988లో పెద్ద పుస్తకమే రాసింది. అంతకుముందే 1970లో ఎస్తర్ బోసెరప్ అనే డెన్మార్క్ ఆర్థికవేత్త ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆఫ్రికాలో చాలా చోట్ల వ్యవసాయం చేసేది ఆడవాళ్ళయితే వలస ప్రభుత్వాలు, ఆ తర్వాత అభివృద్ధి పథకాలవాళ్ళు, కొత్త పనిముట్లు కొత్త పంటలు నేర్పింది మాత్రం మగవాళ్ళకి, దాంతో ఆడవాళ్ళు వెనకబడ్డారు అని ఆవిడ చూపించింది. ఐక్యరాజ్యసమితి 1975లో మెక్సికోలో మొదటి మహిళా సదస్సు పెట్టే నాటికి ఈ వాదన బాగా పాకింది, పథకాల్లో ఆడవాళ్ళని చేర్చండి అనే మాట అప్పటి నుంచే.

కానీ చేర్చడం అంటే ఏంటి, అక్కడే తిరకాసు. గాంబియా దేశంలో 1984లో జహాలీ పచార్ అనే చోట విదేశీ సాయంతో వరికి సాగునీటి ప్రాజెక్ట్ పెట్టారు. ఆ ప్రాంతంలో వరి పండించేది ఎప్పటి నుంచో ఆడవాళ్ళే, కాగితాల మీద కూడా లబ్ధిదారులు వాళ్ళేనని రాశారు. తీరా భూములు పంచాక అవి కుటుంబం పొలాలు అన్నారు, కుటుంబం పొలం అంటే అక్కడి ఆచారం ప్రకారం పంట మీద అజమాయిషీ ఇంటి పెద్దది, అంటే మగాడిది. రెండు పంటలొచ్చాయి, ఆడవాళ్ళ చాకిరీ పెరిగింది, ఇదివరకు సొంతంగా పండించుకుని అమ్ముకునే మడి పోయింది. లబ్ధిదారుల లిస్టులో పేర్లు మాత్రం వాళ్ళవే. మీ టైలరింగ్ రిజిస్టర్ సంతకాలు చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇక మన దేశం లెక్క. 2019లో కేంద్ర గణాంకాలవాళ్ళు దేశమంతా టైం యూజ్ సర్వే చేశారు, మనిషి రోజులో ఏ అరగంట ఏం చేశాడో అడిగి రాసుకోవడం. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళకి 97. 2024లో మళ్ళీ చేశారు, 289, 88. ఇందులో ఒక మెలిక గమనించాలి, ఇవి ఆ పని చేసేవాళ్ళ సగటులు మాత్రమే, 2019లో అసలు ఏ కొంచెమైనా ఇంటి పని చేసిన ఆడవాళ్ళు 81.2 శాతం, మగవాళ్ళు 26.1 శాతం. అంటే నూటికి డెబ్భై మందికి పైగా మగవాళ్ళు ఆ రోజు ఒక గిన్నె కూడా ముట్టలేదన్నమాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల సర్వేలు పట్టుకుని లెక్క వేసింది, జీతం లేని ఇంటి పని, సంరక్షణ పని రోజుకి 1640 కోట్ల గంటలు, అంటే రెండు వందల కోట్ల మంది ఎనిమిది గంటల డ్యూటీ చేసినంత. అందులో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళదే. ఇది ఎకానమీ కాదంటే ఇంకేది ఎకానమీ?


ఇరానీ_చాయ్:

సర్ బాగా చెప్పారు కానీ నాకు రెండు డౌట్లు, వాదించడానికి కాదు నిజంగానే అడుగుతున్నా. ఒకటి, అమ్మ చేసే పనికి రూపాయల్లో లెక్క కట్టడం నాకు మనసు ఒప్పుకోదు. మా అమ్మ నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేది, దానికి గంటకింత అని ఎలా పెడతాం, పెడితే అది ఇంకేదో అయిపోతుంది కదా. రెండోది, ఈ మధ్య ఆడవాళ్ళు పనిలోకి బాగానే వస్తున్నారు, ప్రభుత్వం లెక్కల్లోనే పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేసేవాళ్ళు, పని వెతుక్కునేవాళ్ళు కలిపి 2017-18లో 23.3 శాతం ఉన్నది 2023-24కి 41.7 అయింది, మన దగ్గర 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు కూడా ఫ్రీ. మరి సమస్య తగ్గుతున్నట్టే కదా?


నల్ల_కోటు:

మొదటి డౌట్‌కి నేను చెప్తా, నేను యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులు చూసే లాయర్ని. తమ్ముడూ, ఆ లెక్క కట్టడం మన చట్టంలో ఎప్పుడో మొదలైంది, కాకపోతే మనిషి చనిపోయాక కడుతున్నాం. ఇంటి పని చేసుకునే ఇల్లాలు రోడ్డు మీద చనిపోతే నష్టపరిహారం ఎంత ఇవ్వాలి అంటే ఆమె ఆదాయం ఎంతో తేల్చాలి. మోటారు వాహనాల చట్టం రెండో షెడ్యూల్లో చాలా కాలం ఏముండేదంటే సంపాదన లేని భార్య ఆదాయం అంటే భర్త సంపాదనలో మూడో వంతు అని. అంటే ఒకేలా వంట చేసి ఒకేలా పిల్లల్ని పెంచిన ఇద్దరు ఆడవాళ్ళలో మేస్త్రీ భార్య విలువ ఒకటి, మేనేజర్ భార్య విలువ ఇంకొకటి. 2001లో సుప్రీంకోర్టు లతా వాధ్వా కేసులో ఇల్లాలి సేవల విలువ నెలకి 3000 రూపాయలు అని ఒక అంకె వేసింది. 2021 జనవరిలో కీర్తి కేసు వచ్చింది, ఢిల్లీలో టూవీలర్ మీద వెళ్తూ చనిపోయిన భార్యాభర్తల కేసు, అందులో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ గారు విడిగా తీర్పు రాస్తూ పైన సర్ చెప్పిన 2019 సర్వే నిమిషాలనే ఉదహరించారు, ఇల్లాలికి ఆదాయం లెక్కించడం అంటే ఆమె శ్రమని, త్యాగాన్ని చట్టం గుర్తించడమే అన్నారు.

నేను ట్రిబ్యునల్లో రోజూ చూసేదేంటంటే, భార్య పోయిన మనిషి క్రాస్ ఎగ్జామినేషన్లో నిలబడి, ఇప్పుడు వంటామెకి ఇంత ఇస్తున్నా, పిల్లల్ని చూడటానికి ఇంకొకామెకి ఇంత ఇస్తున్నా, అయినా ఇల్లు నడవట్లేదు సార్ అని చెప్తాడు. బతికున్నప్పుడు ఏం చేస్తుంది మీ భార్య అంటే "ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అన్న మనిషే ఆయన. ప్రేమకి ధర కట్టమని ఎవరూ అడగట్లేదు, పని జరిగిందని ఒప్పుకోమంటున్నారు అంతే.


పాత_లెక్చరర్:

రెండో డౌట్‌కి చిన్న జవాబు. ఆ 41.7 నిజమే, పెరిగింది, మంచిదే. కానీ లోపలికి వెళ్ళి చూడాలి బాబూ. పెరిగినదాంట్లో పెద్ద భాగం పల్లెల్లో, అదీ సొంత పని కేటగిరీలో. పని చేస్తున్న ఆడవాళ్ళలో మూడో వంతుకి పైగా ఇంటి వ్యాపారంలో, ఇంటి పొలంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళు. కిరాణా కొట్లో కూర్చున్న భార్య, పొలంలో కలుపు తీసే కోడలు, వీళ్ళు లెక్కలో వర్కర్లే, చేతికి పైసా రాదు. వాళ్ళని లెక్కించడం సరైనదే, కానీ దాన్ని చూపించి ఉద్యోగాలొచ్చాయి అనలేం. ఫ్రీ బస్సు మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తా, ఇంట్లో ఎవర్నీ ఇరవై రూపాయలు అడగకుండా ఆడమనిషి గడప దాటగలగడం చిన్న విషయం కాదు. కానీ బస్సు ఎక్కాలన్నా ముందు ఇంట్లోంచి బయటపడే టైం దొరకాలి కదా.


వెలుగు_పాత_సీసీ:

చెల్లె నీ పోస్టు సదివినంక నిద్ర పట్టలే. నేను వెలుగు అనే సర్కారు పేదరికం ప్రాజెక్టు కాలం నుంచి ఆడోళ్ళ పొదుపు సంఘాలల్ల పని చేసిన, తర్వాత దాన్నే ఐకేపీ అన్నరు, ఇప్పుడు రిటైర్ లెక్క. మాకు సుత ప్రపంచ బ్యాంకోళ్ళు వచ్చేటోళ్ళు, ఎన్ని సంఘాలు, ఎంత పొదుపు, ఎంత రికవరీ, గివే అడిగేటోళ్ళు. రికవరీ బాగుందంటే మహిళా సాధికారత అయినట్టే. ఒక్క మాట ఒప్పుకోవాలె, సంఘాలు మస్తు మంచి చేసినయి, బ్యాంకు మెట్లెక్కని ఆడోళ్ళు మేనేజర్ ముంగట కుర్చేసుకొని కూసున్నరు, అది నా కండ్ల ముంగట జరిగింది, దాన్ని నేను తక్కువ జేసి మాట్లాడ. కానీ ఆ పనంతా ఎవరి టైంల జరిగింది? మీటింగు ఆమెదే, తీర్మానం బుక్కు ఆమెదే, కిస్తీ కట్టుడు ఆమెదే, ఇంటికి పోతే పొయ్యి ఆమెదే. సర్కారుకు ఏ స్కీం వచ్చినా సంఘాలకు జెప్పుండ్రి అంటరు, మొక్కలు నాటుడు, మరుగుదొడ్ల సర్వే, బడి వంట, అన్నీ. ఆడోళ్ళ టైం అంటే ఊరందరి బాయి లెక్క, ఎవరొస్తే వాళ్ళు చేదుకునుడే.

ఇంగ అప్పుల సంగతి. ఆడోళ్ళు మంచిగ కడతరు, భయపడతరు, ఇజ్జతు కోసం సూస్తరు, అందుకనే ప్రైవేట్ మైక్రోఫైనాన్సోళ్ళు సుత ఆడోళ్ళకే ఇచ్చిర్రు. అప్పు ఆమె పేరు మీద, పైసలు పోయేది మగని బోరుకో ఆటోకో, వారం వారం ఇంటి ముంగటికొచ్చి కూసుంటే గ్రూపుల మిగిలినోళ్ళు ఆమె మీదికి పోవుడు. ఆఖరికి 2010 అక్టోబర్ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది, వారం కిస్తీలు బంద్, ఇంటికి పోవద్దు, పంచాయతీ ఆఫీసు అసొంటి నలుగురు సూసే కాడ నెలకోపారి వసూలు చేసుకోవాలె అని. అప్పటిదాక బయటి దేశాల కాన్ఫరెన్సులల్ల ఆంధ్రప్రదేశ్ ఆడోళ్ళు అని మన ఫొటోలే సూపిచ్చిర్రు.

నేను ట్రైనింగులల్ల ఒక మాట నేర్చుకున్న, డయాన్ ఎల్సన్ అని బ్రిటన్ల ఒక మేడం చెప్పింది. ఇంటి పని గురించి మూడు చేయాలె, ఒకటి గుర్తించాలె, రెండు తగ్గించాలె, మూడు పంచాలె. మనకాడ తగ్గించుడు కొంత అయింది. 1999ల దీపం పథకం కింద సంఘాలోళ్ళకు గ్యాసు ఇచ్చినప్పుడు కట్టెలు ఏరే పని పోయింది, కండ్లల్ల పొగ పోయింది, అయిన ఆడోళ్ళు ఇప్పటికీ చెప్తరు. పంచుడు మాత్రం ఏ స్కీంల లేదు. అంటే మగోడు సగం చేయాలె, సర్కారు సగం చేయాలె అన్న మాట ఎవ్వరు ఎత్తరు. నీ ప్రాజెక్టుల కూడ గదే, ఆమెకు కుట్టుడు నేర్పుతున్నరు, ఆమె అత్తను ఎవరు సూడాలె, పిల్లగాన్ని ఎవరు పట్టాలె, దానికి ఒక్క రూపాయి పెట్టలే. ఆసక్తి లేనిది ఆమెకు కాదు, ప్రాజెక్టు రాసినోళ్ళకు.


ఫండింగ్_డెస్క్:

హాయ్ అండి. నేను కొన్నేళ్ళు డోనర్ వైపు కూర్చుని ఇలాంటి రిపోర్టులు చదివినదాన్ని. మీ మేనేజర్ గారు డోనర్‌కి అనవసరం అన్నారు చూశారా, వాళ్ళ ఫైల్లోనే అది అవసరం అని రాసి ఉంటుంది, మీరు దాన్నే చూపించండి.

2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది జెండర్ సమానత్వం, అందులో 5.4 అనే టార్గెట్ అచ్చంగా జీతం లేని సంరక్షణ పని, ఇంటి పని గురించే, ప్రభుత్వ సేవలు, సదుపాయాలు, సామాజిక రక్షణ ద్వారా దాన్ని గుర్తించాలి, విలువివ్వాలి, ఇంట్లో బాధ్యత పంచుకోవడాన్ని ప్రోత్సహించాలి అని. అంతకు ముందు 1995 బీజింగ్ సదస్సు తీర్మానంలోనే ఈ పనిని లెక్కల్లోకి తెచ్చే పద్ధతులు కావాలని ఉంది, మన దేశం 1998-99లో ఆరు రాష్ట్రాల్లో చేసిన మొదటి టైం యూజ్ సర్వే ఆ తర్వాత వచ్చిందే. ఇంకోటి, డబ్బున్న దేశాల సాయం లెక్కలు చూసే ఓఈసీడీ కమిటీ ప్రతి ప్రాజెక్టుకీ జెండర్ మార్కు వేయిస్తుంది. జెండర్ ఊసే లేకపోతే సున్నా, పక్క లక్ష్యంగా ఉంటే ఒకటి, ముఖ్య లక్ష్యమే అదైతే రెండు. రెండు పడేవి మొత్తం సాయంలో సుమారు 4 శాతమే, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఒకటి పడినవి చాలానే ఉంటాయి, ఎందుకంటే ఆ మార్కు డబ్బిచ్చేవాళ్ళు తమకి తామే వేసుకుంటారు, ఆడవాళ్ళు హాజరయ్యారు అంటే ఒకటి వేసేయొచ్చు. నేను చూసిన చాలా ఫైళ్ళలో ఆ ఒకటి వెనకాల ఏమీ ఉండేది కాదు, నాకు అప్పుడూ కోపం వచ్చేది ఇప్పుడూ వస్తుంది.

అసలు ఈ రంగంలో పెద్ద చీలిక ఇక్కడే ఉందండి. ప్రపంచ బ్యాంకు 2006లో జెండర్ సమానత్వం అంటే తెలివైన ఎకనామిక్స్ అని ప్లాన్ తెచ్చింది, ఆడవాళ్ళ మీద పెడితే వృద్ధి పెరుగుతుంది, పిల్లలు చదువుతారు, కాబట్టి పెట్టండి అని. డబ్బు తేవడానికి ఆ వాదన పనికొచ్చింది, కాదనను. కానీ ఫెమినిస్ట్ ఆర్థికవేత్తలు అడిగేది వేరు, ఆడమనిషి దేశానికి లాభం తెస్తేనే ఆమెకి హక్కా, లాభం తేకపోతే? 80లలో, 90లలో అప్పుల షరతుల మీద ప్రభుత్వాలు ఆసుపత్రులకి, రేషన్‌కి ఖర్చు తగ్గిస్తే పుస్తకాల్లో అది పొదుపు అని చూపించారు. ఆ పొదుపు ఎక్కడి నుంచి వచ్చింది? ఆసుపత్రి ముందే డిశ్చార్జ్ చేసిన రోగిని ఇంట్లో చూసుకున్న ఆడవాళ్ళ గంటల్లోంచి. డయాన్ ఎల్సన్ పేరు పైన అక్క చెప్పారు కదా, ఆవిడ అప్పట్లో గట్టిగా చెప్పింది ఇదే. మన బెంగళూరులో 1984లో మొదలైన డాన్ అనే వర్ధమాన దేశాల మహిళల నెట్‌వర్క్ కూడా, ఆర్థికవేత్త దేవకీ జైన్ లాంటివాళ్ళు, ఇదే అడిగారు, మమ్మల్ని అభివృద్ధిలో చేర్చండి అనకముందు అది ఎలాంటి అభివృద్ధి అని.

ఒక జాగ్రత్త చెప్తా. ప్రపంచంలో పనిలో మూడింట రెండొంతులు ఆడవాళ్ళదే, ఆస్తిలో ఒక్క శాతమే వాళ్ళది అనే లైన్ ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది, అది మీ రిపోర్టులో పెట్టకండి. 80ల నుంచి కాపీ అవుతూ వస్తోంది, వెనకాల సరైన డేటా లేదు. ఎవరైనా పట్టుకుంటే మీ అసలు మాట కూడా పోతుంది. మీ బస్తీలో మీరు రాసుకున్న గంటలు దానికన్నా వంద రెట్లు బలం.

ఇంకా ఒకటి, కాలం మారుతోంది కాబట్టి తొందరగా చేయండి. ఫెమినిస్ట్ విదేశాంగ విధానం అని 2014లో మొదట ప్రకటించిన స్వీడన్ 2022లో ప్రభుత్వం మారగానే వదిలేసింది. అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది. డబ్బు తగ్గినప్పుడు ముందు తెగేది క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) లాంటి ఖర్చే, అనవసరం అని కొట్టేస్తారు.


నల్ల_కోటు:

చిన్న యాడ్. ట్రైనింగ్ అయ్యాక కుట్టు మిషన్ ఇస్తారా? ఇస్తే అది ఎవరి పేరు మీద ఇస్తున్నారో చూడండి, బిల్లు ఆమె పేరు మీదే ఉండాలి. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ గారు జీవితమంతా చెప్పింది ఆస్తి గురించే, ఉద్యోగం, చదువు ఎంత ముఖ్యమో సొంత ఆస్తి అంత ముఖ్యం అని. ప్రదీప్ పాండా అనే పరిశోధకుడితో కలిసి కేరళ తిరువనంతపురం జిల్లాలో చేసిన స్టడీలో భూమి, ఇల్లు రెండూ లేని ఆడవాళ్ళలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు, రెండూ ఉన్నవాళ్ళలో 7 శాతం. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచే వర్తించేలా కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం తెచ్చింది, దేశం మొత్తానికి రావడానికి 2005 దాకా పట్టింది. అయినా ఇప్పటికీ నా దగ్గరికొచ్చే అక్కచెల్లెళ్ళు, అన్నతో మాటలు పోతాయని వాటా వదులుకుంటూ సంతకం పెడతామనే వస్తారు. చట్టం ఉన్నా అది దాటి రావడం కష్టం.


బోరబండ_లాస్ట్_స్టాప్:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. సర్ చెప్పిన ఆవకాయ, పప్పు సంగతి మా మేనేజర్ గారికి చెప్పా, ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత 5.4 టార్గెట్ కాగితం ప్రింట్ తీసి ఇవ్వమన్నారు. వచ్చే క్వార్టర్ రిపోర్టులో ఒక పేజీ రాయనిస్తారట, నంబర్లుంటేనే అని కండిషన్. మిషన్ బిల్లులు చూశా నల్ల కోటు గారూ, ఆమె పేరు పక్కన "భర్త" అని ఇంకో పేరు కూడా ఉంది, అది తీయించాలి.

వెలుగు అక్కా, మీరు చెప్పండి, టైం ఎలా అడగాలి? నిన్న ఇద్దర్ని అడిగి చూశా, రోజంతా ఏం చేస్తారు అంటే "ఏం లేదమ్మా ఇంట్లనే ఉంట" అంటున్నారు, నేనేం రాసుకోవాలి?


వెలుగు_పాత_సీసీ:

ఏం చేస్తవ్ అని అడుగకు చెల్లె, అట్లడిగితే ఎవ్వరైనా ఏం లేదనే అంటరు. నిన్నటి రోజు పట్టుకో. నిన్న ఎన్నింటికి లేసినవ్, లేసి ఫస్టు ఏం జేసినవ్, దాని తర్వాత? గట్ల పండుకునేదాక తీసుకపో. గడియారం చూడనోళ్ళకు గుర్తులు పట్టించు, అజా అయినంకనా ముందుగాలనా, బడి బస్సు పోయినంకనా, సీరియల్ టైముకా. ఇంగ ముఖ్యమైంది, ఒక్కటే టైంల రెండు పనులుంటయి, కూర కలుపుకుంట పిల్లగాన్ని చంకల ఎత్తుకుంటది, నువ్వు కూర రాసుకొని పిల్లగాన్ని మర్చిపోతవ్, రెండో గడి పెట్టి అది సుత రాయి. నల్లా వచ్చే రోజొకటి, రాని రోజొకటి, రెండు రోజులు అడుగు, లేకుంటే నీళ్ళ పని మొత్తం తప్పిపోతది. మగనికి సుత అదే కాయితం నింపు, ఆయన ఇంట్ల ఉన్న టైముకు పో, ఆమె ముంగటనే అడుగు. నేను జేసినప్పుడు ఆ కాయితాలు రెండు పక్కపక్కన పెట్టి సూపెడితే కొందరు మగోళ్ళు ఆ రోజే బిందె పట్టిర్రు, అందరు కాదు, కొందరు.


ఫండింగ్_డెస్క్:

దీనికి తోడు రిపోర్టులో డబ్బు అడగండి, ఊరికే బాధ చెప్పి వదిలేయొద్దు. క్లాసు జరిగే హాల్లోనే ఒక మూల పిల్లల్ని చూసుకునే ఏర్పాటు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూసుకోడానికి ఒకామెని పెట్టాలి, ఆమెకి కూలి ఇవ్వాలి అని రాశారు, మట్టి పనికి పెట్టిన రూల్ కుట్టు పనికి ఎందుకు ఉండకూడదు అని అడగండి. క్లాసు రెండు బ్యాచులు చేయండి, పొద్దునొకటి సాయంత్రమొకటి, నల్లా రోజు ఎటు వీలైతే అటు వచ్చేలా.


బోరబండ_లాస్ట్_స్టాప్:

పిల్లల్ని చూసుకోడానికి బస్తీలోనే ఒకామె ఉంది, ఊరికే చేస్తా అంటోంది, పాపం మంచిది. మేనేజర్ గారు వెంటనే సరే అన్నారు, ఖర్చు లేదు కదా అని. అలా చేయొచ్చా?


వెలుగు_పాత_సీసీ:

వద్దు చెల్లె. ఆశా వర్కర్లను సూడు, 2005 నుంచి ఊరూరు తిరుగుతున్నరు, 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు సుత ఇచ్చింది, కాయితాల మీద ఇప్పటికి వలంటీర్లే, జీతం కోసం ఇప్పటికి ధర్నాలల్ల కూసుంటనే ఉన్నరు. ఊరికే చేస్తే ఈ నెల చేస్తది, వచ్చే నెల ఆమె ఇంట్ల ఎవలకన్న జ్వరమొస్తే ఆమె సుత మానేస్తది, అప్పుడు నీ గడిల మళ్ళ ఆసక్తి లేదు అని రాస్తరు. హాల్ల ఎన్ని గంటలు కూసుంటదో అన్ని గంటలకు కూలి గట్టి బడ్జెట్ల పెట్టు, ముంగట ఒక లైన్ల అది పెట్టినంకనే దారం, సూదులు రాయి.